రెండంగుళాలు

ఉదయ్‌కిరణ్ కారు చక్రానికి గీత పడిందని తెలిసిన ఆదివారం రఘురామ్ రెండు ఇడ్లీలు ఎక్కువ తిన్నాడు.

గీతంటే ఉత్త గీత కాదు. ఏ షాపింగ్ మాల్ పార్కింగులోనో గట్టుకి ఒరుసుకుపోయి, ఎడమవైపు వెనక చక్రం అంచు మీద నెలవంక ఆకారంలో లోహం లేచిపోయింది. పాల ప్యాకెట్ల కోసం లిఫ్టు దిగినవాడికి బేస్‌మెంటులో ఏం పని? అయినా వెళ్ళాడు. ఎవరూ లేరని చూసుకుని, వంగి, బొటనవేలితో తడిమాడు. గరుగ్గా తగిలింది. ఆ గరుకుదనం అతని ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

రెండు కార్లూ పక్కపక్కనే ఉంటాయి. ఒకటే కంపెనీ, ఒకటే మోడల్, ఒకటే తెలుపు. నోయిడాలోని ఆ సొసైటీలో ఇద్దరిదీ ఒకటే టవరు, సెక్టార్ అరవై రెండులో ఇద్దరిదీ ఒకటే ఆఫీసు. ఉదయ్‌కిరణ్ అయిదేళ్ళు చిన్న. కరీంనగర్ కుర్రాడు. "అన్నా, అన్నా" అంటూ చుట్టూ తిరిగి పని నేర్చుకున్నవాడు ఇప్పుడు రఘురామ్‌తో సమానంగా కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. పోనీ, అదైనా సహించవచ్చు. కారు కొన్న కొత్తలోనే కంపెనీ చక్రాలు తీసేయించి, పద్దెనిమిది అంగుళాల అల్లాయ్‌లు వేయించాడు. అద్దంలా మెరుస్తాయవి. రఘురామ్‌వి పదహారు. అవీ ఇనుపవి, పైన బూడిదరంగు ప్లాస్టిక్ మూతలు. తేడా రెండే అంగుళాలు. ఆ రెండంగుళాలే అతని కంట్లో నలుసులా కూర్చున్నాయి.

గీత ఇచ్చిన సంతోషం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. సరోజిని ఆంటీ ఇంట్లో తెలుగువాళ్ళందరికీ భోజనాలు. ఆవిడ కేంద్ర ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఫైళ్ళ మీద రాసే అలవాటు పోయినా, మనుషుల మీద రిమార్కులు రాసే అలవాటు పోలేదు. గోంగూర పచ్చడి వడ్డిస్తూ రఘురామ్ దగ్గర ఆగారు.

"మొన్న గేటు దగ్గర నువ్వు దిగుతుంటే చూశాను బాబూ. ఎవరో టాక్సీలో వచ్చారనుకున్నాను. తీరా చూస్తే ఉదయ్‌దీ నీదీ ఒకటే బండిట కదా! సొగసంతా చక్రాల్లోనే ఉందన్నమాట."

అందరూ నవ్వారు. ఉదయ్‌కిరణ్ మాత్రం చేతిలో ముద్ద అలాగే ఉంచుకుని, "టాక్సీ ఏందాంటీ! అన్న బండి మస్తు మెత్తగ పోతది. నా బండ్ల కూసుంటే పళ్ళు కదుల్తయి" అన్నాడు.

ఆ మాట మనసులోంచి వచ్చిందే. కానీ అసూయ చెవిలో దూది పెట్టుకుని వింటుంది. "పాపం అన్న" అన్నట్టుగానే వినపడింది రఘురామ్‌కి. 

లిఫ్టులో పైకి వెళుతూ భార్యతో అన్నాడు, "టాక్సీయట. విన్నావా?"

కిరణ్మయి నడుం కింద రెండు చేతులూ ఆనించి, లిఫ్టు గోడకి నిటారుగా నిలబడి ఉంది. నడుములో డిస్కు జరిగిన దగ్గర్నించీ ఆవిడ నిలబడటం అలాగే.

"అంటే అన్నార్లెండి. టాక్సీ అయితే ఏం, లారీ అయితే ఏం? నా నడుం పట్టుకోకుండా తీసుకెళ్తే చాలు."

*

పొద్దున్నే ఆమెను మెట్రో దాకా దింపడం రఘురామ్ పని. అక్కణ్ణించి ఆమె లోధీ రోడ్డులో ఉన్న తన ఆఫీసుకు వెళుతుంది. మెట్రో ఎక్కితే బాధ లేదు. దాని దాకా వెళ్ళే సర్వీసు రోడ్డే బాధంతా. మురుగు పైపుల కోసం తవ్వి, పూడ్చి, మళ్ళీ తవ్వారు. పైన ఆగస్టు వానలు. గుంత ఎక్కడుందో, నీళ్ళు ఎంత లోతున్నాయో ఆ దేవుడికే తెలియాలి.

రెండో గేరులో, చెవులు రిక్కించి నడిపేవాడు. ముందున్న ఈ-రిక్షా ఎటు ఒరిగితే అటువైపు గుంత ఉన్నట్టు. కిరణ్మయి కిటికీ పైనున్న పిడి పట్టుకుని, సీటుకీ నడుముకీ మధ్య చిన్న దిండు దూర్చుకుని కూర్చునేది. చక్రం గుంతలో దిగినప్పుడు లావుపాటి టైరు దెబ్బంతా తనే మింగేసేది. లోపల కూర్చున్నవాళ్ళకి మెల్లగా ఊగినట్టుండేది, అంతే. ఈ బండి కొనాలని తేల్చింది ఆవిడే. షోరూమ్ కుర్రాడు సాఫీగా ఉన్న ఎక్స్‌ప్రెస్ వే మీద తిప్పి చూపిస్తానంటే, "అక్కడ ఎడ్లబండి కూడా బాగానే వెళ్తుంది నాయనా, ఈ రోడ్డు మీద తిప్పు" అని ఇక్కడికే తీసుకొచ్చింది. దిగాక నడుం తడుముకుని, "ఇదే తీసుకుందాం" అంది.

ఆ సోమవారం వాళ్ళ ముందు ఉదయ్‌కిరణ్ కారు వెళుతోంది. వెనక చక్రాలు ఎండకి జిగేలుమంటున్నాయి. రఘురామ్ చూపు గుంతల మీద లేదు.

"చక్రాలు మారుద్దామనుకుంటున్నా" అన్నాడు.

"ఏం, అరిగాయా?"

"అరిగాయి." అరగలేదు.

"అరిగితే అవే కొత్తవి వేయించండి. పెద్దవి మాత్రం వద్దు. పెద్ద చక్రానికి రబ్బరు పల్చగా ఉంటుంది, దెబ్బంతా నాకే తగుల్తుంది."

"ఇప్పుడొచ్చేవాటికి అంత తేడా ఉండదట."

ఆమె అతని వంక తిరిగి చూసింది. అతని కళ్ళు ముందు కారు చక్రాల మీద ఉండటం కూడా చూసింది.

"నేను చెప్పాల్సింది చెప్పాను. మళ్ళీ మంచమెక్కే ఓపిక నాకు లేదు" అంది. పోయినసారి మంచమెక్కినప్పుడు ఒళ్ళు తుడిచి, జుట్టు దువ్వి, బాత్రూముకు నడిపించింది రఘురామే. అది తెలిసీ అతను ముందు కారు వెనకే పోనిచ్చాడు.

ఆ మర్నాటి నుంచీ ఉదయ్‌కిరణ్ కారు కనపడలేదు. పక్క స్థలం ఖాళీగా ఉంది. ఏ ముస్సోరీయో వెళ్ళి ఉంటారు, ఆ చక్రాలేసుకుని కొండలెక్కి ఫోటోలు దిగుతుంటారు అనుకున్నాడు రఘురామ్. రాని ఫోటోల కోసం ఫోన్లో రోజూ వెతికాడు. కనపడకపోతే ఇంకా కోపం వచ్చింది.

*

శనివారం ఒక్కడే టైర్ల దుకాణానికి వెళ్ళాడు. కూరగాయలకని ఇంట్లో చెప్పాడు.

దుకాణం యజమాని అతని కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "సాబ్, ఆప్‌కే నసీబ్ మే థే" అంటూ, మీకే రాసిపెట్టి ఉన్నాయన్నట్టు, లోపల్నించి ఒక చక్రం దొర్లించుకొచ్చాడు. నల్లగా, నిగనిగలాడుతూ, అయిదు చేతులు చాచుకుని ఉంది. పద్దెనిమిది అంగుళాలు. ఎవరో సాబ్ కొన్ని నెలలు వాడి తీసేయించాడట. ఇదే బండికి సరిపోతాయట. కొత్తగా రంగు కొట్టించాడట. పాతవి ఇచ్చేసి, పైన కాస్త కలిపితే చాలన్నాడు.

"ఎందుకు తీసేయించాడు?" అని రఘురామ్ హిందీలో అడిగాడు.

"బడే లోగ్, సాబ్. మన్ భర్ గయా హోగా" అన్నాడు యజమాని. పెద్దవాళ్ళు, మొహం మొత్తి ఉంటుందట.

నల్లరంగు! ఉదయ్‌వి వెండిరంగు. వెండి కంటే నలుపు ఇంకా దర్జా. రఘురామ్ ఇంకేమీ అడగలేదు.

కారుని జాకీల మీద లేపారు. గాలి రెంచి బర్రుమని నట్లు ఊడదీసింది. పాత చక్రాలు నాలుగూ ఒకదాని మీద ఒకటి గోడ పక్కకి చేరాయి. పైదాని ప్లాస్టిక్ మూత మధ్యలో ఎర్రగా గుండ్రటి బొట్టు. పోయిన దసరాకి ఆయుధపూజ చేసినప్పుడు కిరణ్మయి పెట్టింది. కుంకుమైతే కార్లు కడిగేవాడు రెండో రోజుకే తుడిచేస్తున్నాడని, గోళ్ళరంగు సీసా తెచ్చి, మోకాళ్ళ మీద వంగలేక, చిన్న పీట వేసుకుని ఒక్కో చక్రం దగ్గరికీ జరుగుతూ పెట్టింది. వెనక డిక్కీలో ఉన్న స్టెప్నీని కూడా వదల్లేదు. "అదీ మన బండిదేగా, దాన్నెందుకు చిన్నబుచ్చడం?" అంది.

యజమాని ఆ బొట్టుని గోటితో గీకబోయాడు. "యే క్యా హై సాబ్? సాఫ్ కర్ దేంగే."

"రెహ్‌నే దో" అని అతని చెయ్యి ఆపాడు రఘురామ్. ఎందుకన్నాడో అతనికే తెలియదు. మొహం తిప్పుకుని, కొత్త చక్రానికి సీసపు ముక్కలు అంటించి తూకం సరిచూసే యంత్రం వైపు చూస్తూ నిలబడ్డాడు.

తిరిగి వస్తుంటే గేటు దగ్గర గార్డు మామూలు కంటే గట్టిగా సెల్యూట్ కొట్టాడు. రఘురామ్‌కైతే అలా అనిపించింది. సరోజిని ఆంటీ వాకింగ్ ఆపి, "కొత్త బండి కొన్నావా బాబూ!" అన్నారు. ఆ ఒక్క మాటకి అతని ఛాతీ రెండంగుళాలు పెరిగింది. కూరగాయలు మాత్రం మర్చిపోయాడు.

కిరణ్మయి బాల్కనీలోంచి చూసింది. తలుపు తీసి, "వంకాయలు దొరకలేదా?" అని మాత్రం అడిగింది.

*

సోమవారం సర్వీసు రోడ్డు మొదటి గుంతలోనే తెలిసిపోయింది. రోకలి పెట్టి కింద నుంచి పొడిచినట్టు ధడ్‌మంది. "అమ్మా!" అంది కిరణ్మయి. మెట్రో దాకా పిడి వదల్లేదు. పట్టుకున్న చెయ్యి తెల్లబడింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో పక్కన కూర్చుని చూశాడు రఘురామ్. చూసి కూడా, "కొత్త కదా, సర్దుకుంటాయి" అన్నాడు. దిగేటప్పుడు ఆమె ముందు కాళ్ళు బయటపెట్టి, తలుపు పట్టుకుని, ఊపిరి బిగబట్టి లేచింది. మర్నాడూ అంతే.

ఆ సాయంత్రం బేస్‌మెంటులో ఉదయ్‌కిరణ్ ఎదురయ్యాడు. అతని కారు తిరిగొచ్చింది. పైకప్పు పైపు కారుతోందని నేల దాకా గుడ్డ కప్పి ఉంది. ఉదయ్ రఘురామ్ చక్రాల ముందు ఆగిపోయాడు. ఎడమవైపు వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, అంచు వెంట వేలు నడిపాడు. తలెత్తి చూసి, ఏదో అనబోయి నవ్వేశాడు.

"మంచిగున్నయన్నా. రంగు మంచిగ కొట్టిండు."

"కళ్ళు కుడుతున్నాయిరా నీకు" అనుకున్నాడు రఘురామ్ లోపల. పైకి, "ఏదో, బాగున్నాయని తీసుకున్నా" అన్నాడు.

"వీట్ల గాలి జర తక్వ పెట్టుకోన్నా. ఎక్వుంటే మస్తు కొడ్తయి. వదిన నడుం అసలే మంచిగ లేదు గద."

సలహాలు కూడా! తన దగ్గర ఓనమాలు దిద్దినవాడు తనకే గాలి పెట్టడం నేర్పుతున్నాడు. కావాలనే ఆ రాత్రి గాలి తగ్గించలేదు రఘురామ్.

బుధవారం పొద్దున్న కిరణ్మయి మామూలు కంటే ముందే తయారైపోయింది.

"నేనిక సాత్వికతో వెళ్తాను. వాళ్ళమ్మగారికి కంటి ఆపరేషనయింది. రోజూ ఆస్పత్రికి తీసుకెళ్తోందట. దార్లో నన్ను మెట్రో దగ్గర దింపుతానంది."

సాత్విక ఉదయ్‌కిరణ్ భార్య. రఘురామ్ చేతిలోని కాఫీ గ్లాసు బల్ల మీదికి వచ్చింది.

"వాళ్ళవీ పద్దెనిమిదేగా! అందులో నీకు నడుం నొప్పెట్టదా?"

"చూస్తాను" అని వెళ్ళిపోయింది.

సాయంత్రం అతను ఆత్రం ఆపుకోలేకపోయాడు. నొప్పి పుట్టిందని ఆమె చెప్పాలి. అది కావాలి అతనికి. భార్యకి నొప్పి పుట్టాలని కోరుకుంటున్నానన్న స్పృహ కూడా లేకుండా అడిగాడు, "ఎలా ఉంది వాళ్ళ బండి?"

"గుంతలే తెలీలేదు" అంది కిరణ్మయి. ఆ మాట అంటూ అతని మొహంలోకి ఒక్క క్షణం ఎక్కువ చూసింది.

అదిగో, అక్కడ నిజంగా కాలింది రఘురామ్‌కి. అవే పద్దెనిమిది అంగుళాలు, అదే రోడ్డు, అదే నడుం. వాడి బండిలో పువ్వులా వెళుతుంది, తన బండిలో మాత్రం అమ్మా అంటుంది! ఏం టైర్లు వేయించాడో, ఏం స్ప్రింగులు మార్పించాడో. పులిని చూసి నక్క వాత పెట్టుకుందని రేపు వీళ్ళంతా నవ్వుకుంటారు. గురు, శుక్రవారాలు పక్క సీటు ఖాళీగా పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాడు. సీటు మీద ఆవిడ దిండు ఉండిపోయింది. ప్రతి గుంతకీ అది ఎగిరి పడుతోంది.

*

శనివారం కార్లు కడిగేవాడు పైపుతో గట్టిగా నీళ్ళు కొడుతుంటే, ఎడమవైపు వెనక చక్రం మీద నల్లరంగు చిన్న పెచ్చుగా లేచింది. "అరే, ఆహిస్తా!" అని అరుస్తూ రఘురామ్ వంగాడు. పెచ్చు కింద బూడిదరంగు పూత. దాన్ని గోటితో గీకితే రాలింది. ఆ కింద గరుకు. నెలవంక ఆకారంలో గరుకు.

బొటనవేలికి జ్ఞాపకశక్తి ఉంటుందని అతనికి ఆ క్షణందాకా తెలియదు.

గబుక్కున లేచి పక్క కారు దగ్గరికి వెళ్ళాడు. గుడ్డ అంచు పట్టుకుని పైకెత్తాడు. బూడిదరంగు ప్లాస్టిక్ మూత. దాని నడుమ ఎర్రటి బొట్టు. గోళ్ళరంగు బొట్టు. దాని చుట్టూ ఎవరో సన్నగా పసుపు కూడా రాశారు.

"చూసినవా అన్నా" అన్న గొంతు వెనక నుంచి వినపడింది.

తేలు కుట్టిన దొంగలా గుడ్డ వదిలేశాడు రఘురామ్. ఉదయ్‌కిరణ్ చేతిలో మందుల సంచి ఉంది.

"అత్తమ్మకు ఆపరేషనన్నరు. అయినంక కుదుపు తగిల్తె కన్ను పోతది, జాగ్రత్త అన్నడు డాక్టర్. నా అల్లాయ్‌ల సంగతి నీకెర్కే గద. ఒక గుంతల పడి కింద ఏదో వంకర గూడ అయింది. బండి వర్క్‌షాపుల పెట్టి, అల్లాయ్‌లు ఆ దుకాణపోనికి అమ్మేసిన. పదారువి దొరికితే పెట్టుమన్న. నీయి అని నాకు తెల్వదన్నా, ఒట్టు. బండి ఇంటికొచ్చినంక సాత్విక బొట్టు జూసి చెప్పింది, ఇవి కిరణ్మయక్కవి అని. తుడ్వనియ్యలే."

"మరి నాతో చెప్పొచ్చుగా!"

"ఎట్ల చెప్పాలన్నా?" ఉదయ్ సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "నువ్వు గంత ఖుషీగుంటివి. నా పాతయి పెట్టుకున్నవని నీ మొఖం మీద అనబుద్ధి గాలే."

 "మళ్ళీ మార్చుకుందామా?" అన్నాడు రఘురామ్. అడగటం అతనికి ఎంత కష్టమైందో ఆ గొంతులోనే తెలిసింది.

"డాక్టర్ ఇంక ఫరవాలేదు అన్నంక ఇచ్చేస్తనన్నా. అప్పటిదాంక వదిన మాతోనే వస్తది. అత్తమ్మకు గూడ మాటకు తోడైంది."

*

పైకి వెళ్ళేసరికి కిరణ్మయి హాల్లో చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది. నడుం కింద వేడినీళ్ళ సంచి, మోకాళ్ళ కింద దిండు. అతను చెప్పులు విప్పడం కూడా మర్చిపోయి గుమ్మంలో నిలబడ్డాడు.

"మన చక్రాలు..." అన్నాడు.

"బుధవారమే చూశాను" అంది ఆమె కప్పు వైపే చూస్తూ. "నా బొట్టు నేను గుర్తుపట్టనా?"

"మరి చెప్పలేదేం?"

"చెప్తే ఏం చేసేవారు? వెళ్ళి లాక్కొచ్చేవారా? అందులో ఆ పెద్దావిడ కూర్చుంటోంది, కంటికి కట్టు కట్టుకుని. వచ్చినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని, 'బండి ఎంత నిమ్మళంగ పోతుంది బిడ్డా' అంటుంది."

రఘురామ్ చాప అంచున కూలబడ్డాడు. క్షమించమనాలనుంది. కానీ నోటికి వచ్చింది వేరే మాట.

"అయితే నువ్వు రోజూ వాడి బండిలోనే వెళ్తావా?"

కిరణ్మయి తల తిప్పి చూసింది. కోపం లేదు ఆ చూపులో. కోపమున్నా బాగుండేది.

"వాళ్ళ బండి ఏంటండీ? నేను నా చక్రాల మీదే వెళ్తున్నాను" అంది. తర్వాత వేడినీళ్ళ సంచి తీసి అతనికిచ్చింది. "చల్లారింది. కాస్త నీళ్ళు మార్చి తెండి."

అతను మార్చి తెచ్చాడు.

సోమవారం కావాలనే ఆమెతోపాటే కిందికి దిగాడు. ఉదయ్‌కిరణ్ కారు మీద గుడ్డ తీసేసి ఉంది. వెనక సీట్లో సాత్విక తల్లి కంటికి ఆకుపచ్చ కట్టుతో, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. "రాండ్రి అక్కా" అని సాత్విక ముందు తలుపు తీసింది. రఘురామ్ తన కారులోంచి చిన్న దిండు తెచ్చి కిటికీలోంచి అందించాడు. కిరణ్మయి తీసుకుని నడుం వెనక దూర్చుకుంది.

ఆ కారు ముందు కదిలింది. బేస్‌మెంటు నుంచి పైకెక్కే దారిలో ఎత్తుగా ఒక స్పీడ్ బ్రేకర్ ఉంటుంది. ఇటువైపు ఎర్రబొట్లు రెండూ గిర్రున తిరుగుతూ దాని మీదికెక్కి, దిగాయి. వెనక అద్దంలోంచి కిరణ్మయి తల కనపడుతూనే ఉంది. అది కొంచెం కూడా అదరలేదు. లోకంలో ఎందరినో చూసి కుళ్ళుకున్న రఘురామ్ మొదటిసారి తన సొంత చక్రాలను చూసి కుళ్ళుకున్నాడు.

అతను తన కారెక్కి వాటి వెనకే వెళ్ళాడు. స్పీడ్ బ్రేకర్ దగ్గర బాగా నెమ్మది చేశాడు. అయినా కింద ధడ్‌మంది. డిక్కీలో, మిగిలిన ఆ ఒక్క ఎర్రబొట్టుతో, స్టెప్నీ ఒకసారి ఎగిరి పడింది.